ఎవరూ వెతకని మాట

పోయిన వారం మీరు నన్ను మా కొట్టు మెట్ల మీద వదిలి వెళ్లారు. తాళంచెవి చేతిలో ఉంది, తాళం తీయబుద్ధి కావడం లేదు. కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. ఒక కాలు పొట్టిగా ఉండేవాళ్లకి చెప్పులు, బూట్లు కుట్టేవాణ్ణి నేను. ముప్ఫై ఏళ్లుగా అదే పని. మనుషుల్ని నా దగ్గరికి పంపే ఎముకల డాక్టరు పని మానుకున్నాక మనుషులు రావడం మానేశారు. అప్పుడు నా కూతురు, మేమంతా పిచ్చుక అని పిలిచే పిల్ల, కొట్టు కోసం ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టింది. నాలుగు నెలలైంది. ఆ పేజీ చూసి మా మెట్టెక్కినవాడు ఒక్కడూ లేడు. నెలాఖరుకి ఎవరూ రాకపోతే కొట్టు మూసేసి, తను ఇంటర్నెట్ పేజీ చూసుకునే పరుపుల కంపెనీ గోడౌన్‌లో కాపలా పనికి చేరతానని పిచ్చుకకి మాట ఇచ్చాను. ఇంకా తొమ్మిది రోజులుంది.

నా భార్య ఆరేళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో పిచ్చుకకి నేను చెప్పిన కారణం ఒకటి, అసలు కారణం ఇంకొకటి. పదమూడు వారాలుగా మీ దగ్గర కూడా ఆ సంగతి దాటేస్తూ వచ్చాను. ఇవాళ దాటడానికి సందు దొరకలేదు.

అది శుక్రవారం. పిచ్చుక సగం పూట సెలవు పెట్టి వచ్చింది. పని బల్ల మీద తోలు గుచ్చే ఆరె, దారం ఉండ, సగం కోసిన బెండు ముక్కలు చేత్తో పక్కకి నెట్టి లాప్‌టాప్ పెట్టుకుంది. వెనక అరల్లో చెక్క అచ్చులు. ఒక్కో కాలికి ఒక్కో అచ్చు, ఒక్కోదాని మడమ మీద పెన్సిలుతో ఒక అంకె. కింది అర చివర గుడ్డ కప్పిన జత ఒకటుంది. దాని వంక నేను చూడను, పిచ్చుకా చూడదు. ఆరేళ్లుగా మా ఇద్దరి మధ్య పైకి అనుకోని ఒప్పందం అది.

"ముందు ఇది చూడు నాన్నా," అంది. "నాలుగు నెలల్లో మన పేజీకి వచ్చినవాళ్లు రెండొందల పదిమంది."

"అంతమందా? మరి ఒక్కడూ రాలేదేం?"

"వాళ్లేం వెతికి వచ్చారో చదువుతాను విను. 'పొట్టిగా ఉన్నవాళ్లకి ఎత్తు చెప్పులు.' 'పెళ్లికొడుకు ఎత్తు కనిపించే చెప్పులు.' 'ఎత్తు చెప్పులు వేసుకుంటే మోకాళ్లు నొప్పి పుడతాయా.' ఇదీ వరస. అమ్మాయి పక్కన ఫొటోకి నిలబడటానికి రెండంగుళాలు అప్పు కావలసినవాళ్లు వీళ్లు. మన పేజీలో కాళ్ల బొమ్మలు చూసి నాలుగు సెకన్లలో వెళ్లిపోయారు."

ఎత్తు చెప్పులు. అది మా ఇంటి మాట. దాన్ని పుట్టించింది నా భార్య. తన ఎడమ కాలు ఒకటింపావు అంగుళం పొట్టి. పెళ్లయిన కొత్తలో కొట్టులో అడుగు పెట్టిన రోజే ఒక నియమం పెట్టింది. ఊళ్లో జనం తనని చిన్నప్పటి నుంచి పిలిచిన ఆ ఒక్క మాట ఈ గుమ్మం లోపల ఎవరి నోటా రాకూడదు. బేరానికి వచ్చినవాళ్లు కూడా తమని తాము అలా అనుకోకూడదు. ఆర్డరు పుస్తకంలో పేరు, పక్కన కొలత, అంతే. అలా మాకు ముప్పావు మాస్టారు ఉండేవారు, రెండంగుళాల అక్కయ్య ఉండేది. చెప్పులకి పేరు కావాలి కదా అంటే, ఎత్తు చెప్పులు అంది. పిచ్చుక పేజీ పెడుతూ ఏ మాట పెట్టమంటావు నాన్నా అని అడిగినప్పుడు నాకు వేరే మాట తోచలేదు. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నా దగ్గరున్న మాటలే తక్కువ. అందులో మంచివన్నీ ఆవిడ ఇచ్చినవే.

"మనం అనేది అదే కదమ్మా," అన్నాను.

"మనం అంటాం. మనం మన కొట్టుని వెతుక్కోం కదా. వెతికేవాడు ఏమంటాడో ఆ మాట మన పేజీలో ఉండాలి. నువ్వు పెట్టిన పేరు వాడికి తెలీదు. వాడికి తెలిసింది వాడి నొప్పి."

ఇంతలో పక్క కొట్టు కళ్లజోళ్లాయన లోపలికి తొంగి చూశాడు. మా రెండు కొట్ల మధ్య గోడ ఒక ఇటుక మందం. నేను దగ్గితే ఆయన చిరాకు పడతాడు.

"ఏం మేస్త్రీ, ఎంతమంది వచ్చారు నీ పేజీకి?"

"రెండొందల పదిమంది."

"అందులో నూటయాభై నేనే. నీ ఫొటో చూస్తే నా కళ్లజోళ్లు పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది."

"బాబాయ్, వచ్చి కూర్చో. కాకపోతే నోరు మూసుకుని కూర్చో," అంది పిచ్చుక.

ఆయన నోరు మూసుకోలేదు గానీ కూర్చున్నాడు.

"పాత పేజీ తీసేస్తున్నా," అంది పిచ్చుక. "దానికి అతుకులేస్తే కుదరదు. నువ్వే అంటావుగా, కొలత తప్పితే కొత్త తోలు కొయ్యాలని."

నేను తల ఊపాను. పిచ్చుక ఏదో నొక్కింది. ఎత్తు చెప్పులు అన్న పెద్ద అక్షరాలు, వాటి కింద నా ఫొటో, కొట్టు చిరునామా అన్నీ పోయి తెర తెల్లగా మిగిలింది. గోడ గడియారం నాలుగు కొట్టింది. నాలుగింటికి అని ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

"ఇప్పుడు ఇంకో లిస్టు. ఇది మన పేజీది కాదు. మనకి పనికొచ్చే మాటలు నెలకి ఎంతమంది వెతుకుతున్నారో చెప్పేది." తెర నా వైపు తిప్పింది. అంకెలు నాకు వచ్చు. అక్షరాలు నెమ్మదిగా చదువుతానని తనే చదవబోయింది. మొదటి వరుస దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత మామూలు గొంతుతోనే చదివింది.

"'కుంటివాళ్ల చెప్పులు.' నెలకి రెండు వేల నాలుగు వందల మంది. దీని తర్వాతది మూడొందలు కూడా లేదు."

ఆరేళ్ల తర్వాత ఆ మాట మా కొట్టులో వినబడింది. ఈసారి పలికింది నేను కాదు.

"అది తీసెయ్," అన్నాను.

"తీసేస్తే మిగిలేదేంటి నాన్నా?"

"కొట్టు మూసుకుంటా. గోడౌన్‌లో కూర్చుంటా. ఆ మాట మాత్రం నా పేరు పక్కన పెట్టను."

"అది తిట్టడానికి టైపు చేసేవాళ్లు కాదు," అంది పిచ్చుక. తన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే నాకు తేలికయ్యేది. "ఎవరో తల్లి. పిల్లకి నాలుగేళ్లు. నడుస్తుంటే ఒక పక్కకి ఒరుగుతోంది. ఆవిడకి వేరే మాట ఎవరు నేర్పారు? ఊరు ఇచ్చిన మాటే ఆవిడ దగ్గరుంది, దాంతోనే వెతుకుతుంది. ఆ మాట దగ్గర మనం లేకపోతే ఆవిడ మన దాకా రాదు. వచ్చాక మంచి మాట మనం చెబుదాం. అమ్మ చెప్పినట్టు."

"మీ అమ్మని మధ్యలోకి తేవద్దు."

"అమ్మ పెట్టిన నియమమే కదా ఇది?"

"నియమం అయితే నియమమే. ఈ గుమ్మం లోపల ఆ మాట ఎవరూ అనలేదు. అనరు."

కళ్లజోళ్లాయన అప్పటిదాకా బెండు ముక్క ఒకటి చేతిలో తిప్పుతూ ఉన్నాడు. ఆయన మంచివాడు. మంచివాళ్లకి నోటికి గొళ్లెం ఉండదు.

"ఎవరూ అనలేదేంటి మేస్త్రీ, ఆవేళ..." అన్నాడు.

అని ఆగిపోయాడు. బెండు ముక్క బల్ల మీద పెట్టాడు. కొట్టులో ఎవరో వచ్చినట్టున్నారు అని లేచాడు. ఆయన కొట్టుకి ఎవరూ రాలేదు. ఒక ఇటుక మందం గోడ, ఎవరైనా వస్తే మాకే ముందు తెలుస్తుంది.

పిచ్చుక ఆయన వెళ్లిన వైపు చూసింది. కాసేపు గోళ్లు కొరుక్కుని, తెరని తన వైపుకి తిప్పుకుంది.

"సరే. ఆ మాట వద్దు. ఇంకోలా చేద్దాం. గుమ్మంలోకి వచ్చినవాళ్లు, ఇంకా కుర్చీలో కూర్చోకముందే నీతో మొదట ఏమంటారు? వాళ్లన్నది అన్నట్టు చెప్పు. నీ మాటల్లో వద్దు. నేను రాసుకుంటా."

ఇది నాకు నచ్చింది. కళ్లు మూసుకుంటే మాటలు వాటంతటవే వచ్చాయి.

"ఒక చెప్పే ముందు అరిగిపోతోంది, రెండోది కొత్తదానిలా ఉంటోంది."

పిచ్చుక టైపు చేసింది.

"మెట్లు ఎక్కడం పరవాలేదు, దిగేటప్పుడే నడుం పట్టేస్తోంది."

"ఊ."

"బట్ట అంచు ఎప్పుడూ ఎడమ పక్కే చిరుగుతోంది."

"ఊ."

"ఎక్కువసేపు నిలబడాల్సి వస్తే గోడ ఎక్కడుందా అని చూసుకుంటాను. ఫొటో తీస్తున్నారంటే ముందే కూర్చుంటాను. ఎవరి పక్కనైనా నడవాలంటే వాళ్లకి ఎడమ పక్కన నడుస్తాను, ఊగినప్పుడు వాళ్లకి తగలకుండా."

టైపు చప్పుడు ఆగిపోయింది. కళ్లు తెరిచాను. పిచ్చుక చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఇవి కొట్టుకొచ్చినవాళ్ల మాటలు కావు," అంది.

నేను దారం ఉండ చేతిలోకి తీసుకున్నాను.

"బజారుకి వెళ్తే అమ్మ నన్ను ఎప్పుడూ తన కుడి పక్కన నడవమనేది. నా చెయ్యి పట్టుకోవడానికేమో అనుకునేదాన్ని." ఆగింది. "ముప్ఫై ఏళ్లలో ఇంతమంది వస్తే నీకు గుర్తున్నవన్నీ ఒక్క మనిషి మాటలేనా నాన్నా?"

"అవే ముందు గుర్తొచ్చాయి."

"ఇంత గుర్తు పెట్టుకున్నవాడివి, తోలు వాసన పడక వెళ్లిపోయిందన్నావు. ఇరవై ఏళ్లు పడిన వాసన ఒక్క రోజులో పడకుండా పోయిందా? అప్పుడు నాకు పద్దెనిమిది. పరీక్షలు రాసి హాస్టలు నుంచి వచ్చేసరికి అమ్మ లేదు. ఫోను చేస్తే ఎందుకు వెళ్లావని అరిచాను. 'మీ నాన్ననే అడుగు' అంది. నిన్ను అడిగాను. నువ్వు తోలు వాసన అన్నావు. ఆ తర్వాత అమ్మ ఫోను నేను ఎత్తలేదు. ఆరేళ్లు." పక్క కొట్టు వైపు చెయ్యి చూపింది. "బాబాయ్ ఆవేళ అన్నాడు. ఏవేళ? ఏం జరిగింది?"

మా పనిలో కొలత తీసే పద్ధతి ఒకటుంది. పొట్టి కాలి కింద పావంగుళం చెక్కలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతాం. నడుం రెండు పక్కలా ఒక్క ఎత్తుకి వచ్చినప్పుడు ఆపుతాం. అది నా పద్ధతి. నా భార్యది వేరు. చెప్పులు తయారయ్యాక మనిషిని కొట్టులో ఈ గోడ నుంచి ఆ గోడకి నడవమని, తను కళ్లు మూసుకుని వినేది. రెండు అడుగుల చప్పుడూ ఒక్కలా ఉంటే సరిపోయింది అనేది. లేదంటే ఎంత తేడా ఉందో అంగుళాల్లో చెప్పేది. ప్రతి శుక్రవారం నాలుగింటికి ఆడవాళ్లు తన దగ్గరికే వచ్చేవాళ్లు. నా దగ్గరికి కాదు. ఇది నాకు లోపల గుచ్చుకుంటూ ఉండేది. ఎప్పటి నుంచో నాకే తెలీదు.

అదీ శుక్రవారమే. రెండంగుళాల అక్కయ్య కొత్త బూట్లు వేసుకుని నడిచింది. గోడ వారగా ఇంకో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నా భార్య కళ్లు తెరిచి, "పావంగుళం ఎక్కువైంది, తగ్గించండి," అంది. సరిగ్గా ఉందన్నాను. లేదంది. అందరూ ఆవిడ మొహం చూశారు, నా మొహం ఎవరూ చూడలేదు.

ఇదంతా పిచ్చుకకి చెప్పాను. ఇక్కడి దాకా చెప్పగలిగాను.

"అప్పుడు?" అంది.

"అప్పుడు ఒక మాట అన్నాను."

"ఏం మాట?"

నోరు తెరిచాను. రాలేదు. ఒక్కసారి వచ్చిన మాట రెండోసారి రాలేదు. పిచ్చుక ఎదురు చూసింది. గోడ అవతల కళ్లజోళ్లాయన కుర్చీ కూడా చప్పుడు చెయ్యలేదు.

లాప్‌టాప్‌ని నా వైపు తిప్పుకున్నాను. ఇందాకటి లిస్టు ఇంకా తెర మీదే ఉంది; అంకెల పక్కన అక్షరాలు వెతుక్కుని, మొదటి వరుస మీద వేలు పెట్టాను.

పిచ్చుక నా వేలు చూసింది. వేలి కింద ఉన్నది చూసింది. చాలాసేపు చూసింది.

"దానికే నడక రాదు, ఇంకొకళ్ల నడక దిద్దుతుందట, అన్నాను. అలా అనే ముందు ఈ మాటతో పిలిచాను," అన్నాను. "అయిదుగురు ఆడవాళ్ల ముందు. వాళ్లందరూ కూడా అలాంటివాళ్లే."

"అమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. నేను కుట్టిన చెప్పులు గుమ్మంలో విప్పేసి, ఉత్త కాళ్లతో మెట్లు దిగింది. ఆ అడుగుల చప్పుడు రెండూ ఒక్కలా లేవు. వీధి చివరి దాకా విన్నాను. లేచి వెళ్లలేదు. మర్నాడు అక్కయ్య బూటు విప్పి కొలిచాను."

"పావంగుళం ఎక్కువుందా?"

"ఉంది."

పిచ్చుక ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. రెంటికీ సిద్ధపడ్డాను. తను లేచి, కింది అర దగ్గర కూర్చుని, గుడ్డ తీసింది. వాళ్లమ్మ అచ్చుల జత. ఎడమ దాని మడమ మీద ఒకటింపావు అని పెన్సిలు రాత, ఆవిడ రాతే. ఆ పక్కనే, గుమ్మంలో విప్పేసిన చెప్పులు. వాటి మీద ఒక వేలంత దుమ్ము.

"అందుకే అమ్మ నాకు చెప్పలేదు," అంది, నాతో కాదు. "నాన్న ఏమన్నాడో చెప్పాలంటే ఆ మాట తన నోటితో అనాలి కదా. నా ముందు అనలేక, నేను తిట్టినవన్నీ పడింది."

నేను క్షమించమని అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు మాట్లాడకు నాన్నా. పని చేసుకోనీ."

మా ఇంట్లో అందరిదీ అదే జబ్బు. దుఃఖం వస్తే పనిముట్లు పట్టుకుంటాం. పిచ్చుక బల్ల దగ్గరికి వచ్చి, పాత పేజీ లెక్కలు దాచి పెట్టుకోవాలంటూ మొదట చదివిన లిస్టు మళ్లీ తెరిచింది. పెళ్లికొడుకులు, మోకాళ్లు, రెండంగుళాల అప్పులు. కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ పోయింది. ఒక చోట చెయ్యి ఆగింది.

"ఇది నేను చూడలేదు," అంది. "ఆఫీసులో పెద్ద అంకెలే చూస్తాం మేము. చిన్నవి వదిలేస్తాం."

"ఏంటది?"

"'మేస్త్రి ఎత్తు చెప్పుల కొట్టు ఇంకా ఉందా.' పదహారు సార్లు."

నాకు అర్థం కాలేదు.

"మేస్త్రి. ఎత్తు చెప్పులు. ఈ రెండు మాటలూ కలిపి లోకంలో ఎవరు అంటారు నాన్నా? నువ్వు, నేను, ఇంకెవరు?" పక్కనున్న తేదీల వరుస తెరిచింది. నాలుగు నెలలు. పదహారు వారాలు. వారానికి ఒక్కసారి. అన్నీ శుక్రవారాలే. అన్నీ నాలుగు దాటాకే.

నేను గడియారం చూశాను. అయిదుకి పది నిమిషాలుంది. ఇద్దరం ఒకేసారి అదే అనుకున్నాం. పిచ్చుక ఇవాళ వచ్చినవాళ్ల వరుస తెరిచింది. అక్కడ ఒక్కటే ఉంది.

"నాలుగూ ఇరవైకి ఒకరు వచ్చారు," అంది. "ఈ పేజీ ఇక లేదు అని వచ్చింది. అది చూసి వెళ్లిపోయారు."

నాలుగూ ఇరవైకి నేను కళ్లు మూసుకుని, బట్ట అంచు ఎప్పుడూ ఎడమ పక్కే చిరుగుతోంది అని చెబుతూ ఉన్నాను.

"మళ్లీ పెట్టెయ్యమ్మా. ఉన్నది ఉన్నట్టు."

"పెడతా. కానీ చూసిన మనిషి చూసేసింది. కొట్టు లేదనుకుంది. లేదనుకున్నదాన్ని మళ్లీ ఎందుకు వెతుకుతుంది?"

తన ఫోను తీసింది. ఆరేళ్ల కింద తనే బ్లాక్ చేసి పెట్టిన వాళ్లమ్మ నంబరు వెతికింది. దాని మీద ఉన్న అడ్డు తీసింది. ఆ నంబరు ఇంకా ఆవిడదో కాదో మాకు తెలీదు. నొక్కింది. చెవి దగ్గర పెట్టుకోలేదు, బల్ల మీద నా ముందు పెట్టింది.

అవతల మోగింది. రెండు సార్లు, మూడు సార్లు.

"తనకి ముందు వినపడాల్సింది నా గొంతు కాదు," అంది పిచ్చుక. "నువ్వే మాట్లాడు. మొదటి మాట చూసి వాడు నాన్నా. మనిషి ఆగేదీ వెళ్లిపోయేదీ దాన్ని బట్టే."

అయిదోసారి మోగుతుండగా చప్పుడు తెగింది. ఎవరో ఎత్తారు. హలో అనలేదు. ఊపిరి వినపడుతోంది, అంతే, కళ్లు మూసుకుని వింటున్న మనిషి ఊపిరిలా.

నేను నోరు తెరిచాను.